కొలవని బీపీని మా చేత రాయించకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో గర్భిణులనూ పసిపిల్లలనూ చూసే ఆరోగ్య శాఖ నర్సుగా, ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేశాను. మా సబ్ సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం) అప్పటి ఉమ్మడి కృష్ణా జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో ఉండేది. మా ఊళ్ల ఆడపిల్లలు ఖమ్మం వైపు కోడళ్లుగా వెళతారు, అటువైపు పిల్లలు మా ఊళ్లకు వస్తారు. అందుకే ఈ ఉత్తరం రెండు రాష్ట్రాలకూ రాస్తున్నాను. ఉద్యోగంలో ఉండగా ఈ మాటలు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

గర్భిణుల రిజిస్టరులోనూ, వాళ్ల ఎంసీపీ (తల్లీబిడ్డల సంరక్షణ) కార్డుల్లోనూ బీపీ కొలవకుండానే 110/70 అని నా చేతితో నేను రాశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. నాతోపాటు పనిచేసినవాళ్లలో రాయనివాళ్లు తక్కువ. ఏ సబ్ సెంటర్ రిజిస్టరయినా తీసి, బీపీ గడుల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుకుంటూ రండి. 110/70, 120/80, 110/70, 110/70, 120/80. చివర ఎప్పుడూ సున్నాయే. ఇరవై మంది ఆడవాళ్లకు, వేరు వేరు వయసులవాళ్లకు, ఒకరు రక్తహీనతతో ఉంటే ఒకరు ఒళ్లు చేసి ఉన్నవాళ్లకు, బీపీ ఇలా ఒకే అచ్చులో పోసినట్లు ఉండదు. ఆ వరస చూసి మీకు అనుమానం రావాలి. ఇన్నేళ్లలో ఒక్క తనిఖీలోనూ అది రాలేదు. గడి నిండిందా లేదా అన్నదే చూశారు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు చెప్పను.

ఆమెకు 22 ఏళ్లు, తొలిచూలు. అత్తవారిది ఖమ్మం వైపు. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకొచ్చారు. ఆ శనివారం టీకాల రోజు. అంగన్‌వాడీ గదిలో ఇరవై మందికి పైగా చంటిపిల్లలు, పదకొండు మంది గర్భిణులు, ఒక చాప, ఒక బల్ల. నా బీపీ యంత్రం రబ్బరు బల్బు దగ్గర మర వదులైపోయింది. గాలి కొట్టినకొద్దీ పాదరసం ఎక్కుతుంది, కొట్టడం ఆపగానే జారిపోతుంది. కొత్తదానికి మూడు నెలల క్రితమే ఇండెంట్ పెట్టాను, రాలేదు.

ఆమె అత్తవారి ఊళ్లో ఇచ్చిన కార్డు తెచ్చింది. అందులో మూడు బీపీలు ఉన్నాయి: 110/70, 110/70, 120/80. మూత్రంలో అల్బుమిన్ (ప్రోటీన్) గడిలో మూడుసార్లూ నిల్ అని ఉంది. ఆమె చేతుల నిండా సీమంతం గాజులు, ఎరుపూ ఆకుపచ్చా. సూది వేయడానికి చెయ్యి పట్టుకుంటే ఆ గాజులు కదలలేదు. మణికట్టు దగ్గర ఒక్కొక్క గాజు కింద ఒక్కొక్క గాడి పడి ఉంది.

"గాజులు ఇంత బిగుతుగా వేశారేమిటమ్మా?" అన్నాను.

"వేసినప్పుడు వదులుగానే ఉన్నాయి మేడమ్, వారమే అయింది" అంది.

వాళ్లమ్మ నవ్వి, "పుట్టింటి తిండి నర్సమ్మగారూ" అంది. నేనూ నవ్వాను. ధనుర్వాతం సూది వేశాను, ఐరన్ మాత్రలు ఇచ్చాను, బీపీ గడిలో 110/70 అని రాశాను. వెనక ఇంకా ఏడుగురు ఉన్నారు.

నాలుగో రోజు తెల్లవారకముందే వాళ్లమ్మ మా తలుపు కొట్టింది. రాత్రి నుంచి పిల్లకు తలనొప్పి, గుండెల కింద నొప్పి, రెండు గంటల నుంచి కడుపు వదలకుండా నొప్పి. "రక్తం కూడా కనబడింది నర్సమ్మగారూ, ఎక్కువ లేదు, చారెడు ఉంటుందేమో" అంది. వెళ్లి కడుపు మీద చెయ్యి వేశాను. పురిటి నొప్పి అయితే వస్తుంది, పోతుంది. పోయినప్పుడు కడుపు మెత్తబడుతుంది. ఆమె కడుపు మెత్తబడలేదు. పలక మీద చెయ్యి వేసినట్లు ఉంది. బిడ్డ గుండె చప్పుడు వినే ఫీటోస్కోపు ఆనించి చాలాసేపు విన్నాను. ఏమీ వినిపించలేదు.

అప్పుడు అదే యంత్రంతో బీపీ చూశాను. మర వదులైన చోట ట్యూబును వేళ్లతో మడిచి గట్టిగా పట్టుకుంటే గాలి నిలిచింది. 170/110. రెండు నిమిషాలు పట్టింది. శనివారం కూడా ఆ ట్యూబు అలాగే మడిచి పట్టుకోవచ్చు.

108లో జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాం. కడుపులో బిడ్డకు రక్తం నుంచి పోషణ అందించే మాయ అప్పటికే గర్భసంచి గోడ నుంచి ఊడిపోయింది. బయటికి చారెడు కనబడిన రక్తం లోపల మాయ వెనక గడ్డలు గడ్డలుగా నిలిచిపోయి ఉంది. ఆడపిల్ల, కిలో రెండు వందల గ్రాములు, ప్రాణం లేదు. తల్లికి నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. ఆమె బతికింది.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. తల్లి చనిపోతే సమీక్ష జరిగేది, బతికింది కాబట్టి జరగలేదు. కార్డు తిప్పి చూసిన డాక్టరమ్మ, "నాలుగు రోజుల కింద కూడా బాగానే ఉంది, హఠాత్తుగా వచ్చినట్లుంది" అని ఆ తల్లిదండ్రులకు చెప్పింది. వాళ్లు నమ్మారు. ఈ రోజుకీ వాళ్లు దాన్ని దేవుడి రాత అనే అనుకుంటున్నారు. అది నా రాత. ఆ 'హఠాత్తు' నా పెన్నులోంచి వచ్చింది.

గర్భంలో వచ్చే ఈ బీపీ జబ్బు హఠాత్తుగా రాదని మీకు తెలుసు. మీలో చాలామంది డాక్టర్లే. కానీ ఈ ఉత్తరం చదివే గర్భిణులూ, వాళ్ల అమ్మలూ, అత్తలూ ఉంటారు కాబట్టి రెండు మాటలు వాళ్ల కోసం రాస్తున్నాను. గర్భం మొదటి నెలల్లోనే మాయ తాలూకు కణాలు తల్లి గర్భసంచిలోని సన్నని రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి, వాటిని వెడల్పు చేసుకోవాలి. తూము పెద్దది చేసుకుంటేనే చివరి మడి దాకా నీళ్లు పారతాయి. కొందరిలో ఆ పని సగంలో ఆగిపోతుంది. నాళాలు ఇరుకుగానే ఉండిపోతాయి. బిడ్డ చిన్నగా ఉన్నన్నాళ్లూ ఆ కొద్దిపాటి రక్తంతో సరిపోతుంది. అయిదు, ఆరు నెలలు దాటి బిడ్డ పెరుగుతుంటే మాయకు చాలదు. ఆకలితో ఉన్న మాయ తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలను వదులుతుంది. అవి ఒళ్లంతా ఉన్న రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. బీపీ పెరుగుతుంది, మూత్రపిండాల నుంచి ప్రోటీన్ కారుతుంది, ముఖానికీ చేతులకూ నీరు పడుతుంది. కాలేయం మీద పడితే గుండెల కింద కుడివైపు నొప్పి వస్తుంది. మెదడు మీద పడితే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, ఆ తర్వాత ఫిట్స్. దీన్నే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అన్నారు. ఒక్కోసారి దెబ్బతిన్న నాళాలు మాయ వెనకే చిట్లుతాయి, మాయ ఊడిపోతుంది. నేను చెప్పిన మా ఊరి అమ్మాయికి జరిగింది అదే.

అంటే ఆమె జబ్బు మూడో నెల, నాలుగో నెలలోనే మొదలై ఉంటుంది. పైకి తెలిసేది మాత్రం ఇరవై వారాలు దాటాకే. అది తెలుసుకోవడానికి మన చేతిలో ఉన్నవి రెండే, చేతికి కట్టే పట్టీ, మూత్రం పరీక్ష. 140/90కి చేరితే జాగ్రత్త పడాలి, 160/110కి చేరితే గంటలోపు మందు పడాలి. ఇంత చవకగా, ఇంత ముందుగా ఆనవాలు ఇచ్చే ప్రాణాంతక జబ్బులు చాలా తక్కువ. అలాంటి జబ్బు విషయంలో మనం అబద్ధపు అంకెలు పోగు చేసుకుంటున్నాం.

మీరు చేసిన మేలు నేను మరవను. 2014-16లో లక్ష సజీవ జననాలకు తెలంగాణలో 81 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 74 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అవి 43, 45 అయ్యాయి. ఆ నాలుగేళ్లలో నేను ఉద్యోగంలో ఉన్నాను, ఆ మార్పు కళ్లారా చూశాను. ఆసుపత్రి కాన్పులు పెరిగాయి, అర్ధరాత్రి పిలిచినా బండి వచ్చింది. కానీ అదే 2018-20లో కేరళలో ఆ సంఖ్య 19. ప్రపంచం మొత్తం మీద ప్రసూతి మరణాల్లో సుమారు ఏడింట ఒకటి ఈ బీపీ జబ్బుల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇక మా అమ్మాయి లాంటివాళ్లు, చావు అంచు దాకా వెళ్లి బిడ్డను పోగొట్టుకుని తిరిగొచ్చినవాళ్లు, ఆ 43లోనూ లేరు, 45లోనూ లేరు.

మేము కొలవకుండా ఎందుకు రాస్తామో చెబుతాను. సోమరితనం అనుకుంటే పొరపాటు. మైదాన ప్రాంతంలో అయిదు వేల జనాభాకు ఒక సబ్ సెంటర్. టీకాలు, సర్వేలు, జ్వరాల లెక్కలు, కుటుంబ నియంత్రణ, షుగరు బీపీల స్క్రీనింగ్, ఇవన్నీ రిజిస్టర్లలో ఒకసారి, టాబ్‌లో ఇంకోసారి. సాయంత్రానికి ఎంట్రీ పూర్తికాకపోతే ఫోను వస్తుంది. టాబ్‌లో బీపీ గడి ఖాళీగా ఉంటే తర్వాతి పేజీకి వెళ్లనివ్వదు. ఏదో ఒక అంకె వేయాలి. యంత్రం పనిచేయలేదు అని రాయడానికి చోటు లేదు. 150/100 అని వేస్తే హైరిస్క్ జాబితాలోకి వెళుతుంది, వెళ్లాక ఆమెను ఎక్కడికి పంపావు, ఎందుకు పంపలేదు, ఫాలోఅప్ ఏది అని రోజూ సంజాయిషీ. 110/70 వేస్తే ఎవరూ ఏమీ అడగరు. నెలవారీ సమావేశంలో హైరిస్క్ ఎక్కువ చూపించిన ఏఎన్ఎం నిలబడి సమాధానం చెప్పుకోవాలి, ఒక్క హైరిస్క్ కూడా లేని ఏఎన్ఎం కూర్చుని ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆ సమావేశాల్లో కూర్చున్నాను. 110/70 రాయడం నాకు నేర్పింది ఆ గదే.

అందుకని నా మొదటి విన్నపం వింతగా తోచవచ్చు. ఖాళీ గడిని గౌరవించండి. 'కొలవలేదు' అని రాసుకునే వీలు కల్పించండి. ఎందుకు కొలవలేదో ఒక ముక్కలో రాయనివ్వండి: యంత్రం పాడైంది, మనిషి రాలేదు, బ్యాటరీ లేదు, జనం ఎక్కువయ్యారు. అలా రాసిన ఏఎన్ఎంను ఒక్క మాట అనకండి. ఆ ఖాళీలను చూసి యంత్రం పంపండి, రెండో మనిషిని పంపండి. నా కార్డులో ఆ శనివారం గడి ఖాళీగా ఉండి ఉంటే, ఆదివారమో సోమవారమో ఎవరో ఒకరు, కనీసం నేనే, 'ఈ పిల్లకు బీపీ చూడలేదే' అనుకునేవాళ్లం. 110/70 అని ఉంది కాబట్టి ఎవరూ అనుకోలేదు. నేను కూడా అనుకోలేదు. రాసినదాన్ని రాసిన మనిషే నమ్మేస్తుంది, నాకు అది అనుభవం.

జిల్లాలో కూర్చుని అబద్ధపు అంకెలను పట్టుకోవడం కష్టమేమీ కాదు. మీ దగ్గర కంప్యూటర్లు ఉన్నాయి. ఒక సెంటర్‌లో మూడు నెలల బీపీలన్నీ సున్నాతో ముగిస్తే, ఒక్కటి కూడా 130 దాటకపోతే, అక్కడ కొలవడం లేదని అర్థం. కానీ అక్కడికి మెమో పంపకండి. ఒక మెకానిక్‌ను పంపండి, ఒక సీనియర్ నర్సును రెండు రోజులు తోడుగా కూర్చోబెట్టండి. మెమో పంపితే మరుసటి నెల 112/74, 118/76 అని రాయడం నేర్చుకుంటాం. అంతకుమించి ఏమీ మారదు.

యంత్రాల సంగతి. పాదరసం యంత్రాలు పోయి డిజిటల్‌వి వచ్చాయి. మంచిదే. కానీ మామూలు మనుషులకు సరిగ్గా చూపించే డిజిటల్ యంత్రాల్లో కొన్ని, ఈ జబ్బు ఉన్న గర్భిణుల్లో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. గర్భిణుల మీద పరీక్షించి సరైనవని తేలిన రకాలనే కొనండి. ఏడాదికి ఒకసారి సరిచూపించండి. లావు చేతులకు పెద్ద పట్టీ ఇవ్వండి, చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపిస్తుంది. దానితో పాటు ఒక కుర్చీ, నవ్వకండి, వీపు ఆనుకునే కుర్చీ కావాలి. ఎండలో నడిచివచ్చి చాప మీద బాసింపట్టు వేసుకున్న మనిషికి చీర జాకెట్టు చేతి మీదే పట్టీ కట్టి కొలిస్తే అది బీపీ కాదు. అయిదు నిమిషాలు కూర్చోవాలి, పాదాలు నేల మీద ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి, మాట్లాడకూడదు. ఎక్కువ వస్తే కాసేపాగి మళ్లీ చూడాలి. ఇవన్నీ శిక్షణలో చెప్పారు. చెప్పిన గదిలో కుర్చీలు ఉన్నాయి, మా అంగన్‌వాడీ గదిలో లేవు.

మూత్రం పరీక్ష గురించి చెప్పాలంటే నాకు బాధగా ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో స్ట్రిప్పులు లేవు. గాజు నాళికలో మూడొంతులు మూత్రం పోసి, పైభాగాన్ని స్పిరిటు దీపం మీద కాచేవాళ్లం. తెల్లగా మబ్బు పట్టినట్లయితే రెండు చుక్కలు ఎసిటిక్ ఆమ్లం వేయాలి. మబ్బు విడిపోతే ఏమీ లేదు, నిలిచిపోతే అల్బుమిన్ పోతోందని అర్థం. ఒకసారి ఒక తల్లి మూత్రం కాస్తుంటే, కాచిన గుడ్డు తెల్లసొన మాదిరి గడ్డకట్టింది. ఆ నాళిక వెలుతురుకు పెట్టి ఆమె అత్తగారికి చూపించాను. ఆ ముసలావిడ ఇంకొక మాట మాట్లాడకుండా బండి కట్టించింది. తర్వాత స్ట్రిప్పులు వచ్చాయి, ముంచి రంగు చూడటమే, ఎంతో సులువు. సీసా అయిపోతే మళ్లీ వచ్చేదాకా నెలలు. ఈలోగా దీపాలు అటకెక్కాయి, స్పిరిటు రాదు, కాచడం తెలిసిన చేతులు రిటైరయ్యాయి. స్ట్రిప్పులు లేని నెలల్లో గడిలో ఏమి రాశామో మీరు ఊహించగలరు. ఒక్క నెల కూడా స్ట్రిప్పుల సీసా ఖాళీ కాకుండా చూడండి, నేను అడిగేది అంతే.

ఇక పుట్టిల్లు. మన ఇళ్లలో మొదటి కాన్పు అమ్మగారింట్లో జరగాలి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకొస్తారు. ఈ ఆచారాన్ని నేను తప్పు పట్టను, ఆ పిల్లకు అమ్మ దగ్గర దొరికే సుఖం ఇంకెక్కడా దొరకదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈ బీపీ జబ్బు ఎక్కువగా పట్టేది తొలిచూలువాళ్లనే. బయటపడేది ఏడు, ఎనిమిది, తొమ్మిది నెలల్లోనే. సరిగ్గా ఆ పిల్ల, సరిగ్గా ఆ నెలల్లో, తనను ఆరు నెలలుగా చూసిన ఏఎన్ఎంను వదిలి, తన బీపీ మామూలుగా ఎంత ఉండేదో తెలియని ఇంకో ఏఎన్ఎం దగ్గరికి వస్తుంది. అక్కడి జాబితాలో ఆమె ఊళ్లో లేదు, ఇక్కడి జాబితాలో ఆమె మనిషి కాదు. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంటే చెప్పనే అక్కర్లేదు. మా అమ్మాయి నాకు ఒక కార్డుగా వచ్చింది. ఆ కార్డులోని మూడు అంకెలు కూడా నా అంకె లాంటివే అయి ఉంటాయని నాకు ఇప్పుడు అనిపిస్తుంది, కానీ ఆ ఏఎన్ఎంను అనడానికి నాకు నోరు లేదు.

పరిష్కారం పెద్దదేమీ కాదు. గర్భిణి పుట్టింటికి కదిలిన రోజున ఇక్కడి ఏఎన్ఎం అక్కడి ఏఎన్ఎంకు ఫోను చేయాలి. చేశారని రాయాలి. వచ్చిన వారంలోపు అక్కడ మొదటి బీపీ, మూత్రపరీక్ష కొత్తగా చేయాలి, పాత కార్డు చూసి కాదు. రెండు రాష్ట్రాల సరిహద్దు మండలాల ఏఎన్ఎంలకు ఒకరి నంబర్లు ఒకరికి ఇవ్వండి. ఖమ్మం, ఎన్టీఆర్, నల్గొండ, పల్నాడు, కర్నూలు, గద్వాల వైపు ఇలాంటి పెళ్లిళ్లు ఎన్ని జరుగుతాయో మీకు తెలియనిది కాదు. ఆశా కార్యకర్తలకు సీమంతం ఏ ఇంట్లో ఎప్పుడో ముందే తెలుస్తుంది. ఆ కబురు చాలు.

మందుల విషయంలో క్లుప్తంగా చెబుతాను. ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేట్ ఎంత మంచి మందో 33 దేశాల్లో పదివేల మందికి పైగా మహిళల మీద జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది, ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని అది సగానికి పైగా తగ్గిస్తుంది. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదు, రెండు పిరుదులకూ కలిపి పది గ్రాములు, ఇవ్వడానికి ఏఎన్ఎంకు కూడా అనుమతి ఉంది. ఆ మందు రెండు మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో ఒక్క గ్రామే ఉంటుంది. అంటే ఒక మనిషి నేల మీద కొట్టుకుంటుంటే, మేము పది ఆంప్యూళ్ల మెడలు విరిచి, పది మిల్లీలీటర్ల సిరంజిలోకి అయిదు, మళ్లీ అయిదు లాగాలి. దానికి చేతులు వణకకుండా ఉండాలంటే ఏడాదికి రెండుసార్లయినా నీళ్లతో సాధన చేయించాలి. చాలామందికి అనుమతి ఉందన్న సంగతి తెలుసు, చేత్తో ఎన్నడూ చేయలేదు. ఆ పది ఆంప్యూళ్లూ, సిరంజిలూ, సూదులూ ఒకే పెట్టెలో సీలు వేసి ఉంచితే సగం పని అయినట్లే.

కాల్షియం మాత్రలు పద్నాలుగో వారం నుంచి రోజుకు రెండు, 500 మిల్లీగ్రాములవి, ఇవ్వాలని కేంద్రం 2014లోనే చెప్పింది. మన తిండిలో కాల్షియం తక్కువ కాబట్టి ఈ జబ్బును కొంతవరకు ఆపుతాయి. బెంగళూరులోనూ టాంజానియాలోనూ చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చినా 1500 ఇచ్చినంత పని చేసిందని తేలింది. కాబట్టి సరఫరా చాలడం లేదన్న కారణంతో అసలే ఇవ్వకుండా ఉండకండి. ఐరన్, కాల్షియం కలిపి మింగవద్దని, మధ్య రెండు గంటలు ఉండాలని ప్రతి తల్లికీ చెప్పించండి. ముందు కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్లకు, ముందునుంచే బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు, కవలలు ఉన్నవాళ్లకు తక్కువ మోతాదు ఆస్పిరిన్ పదహారో వారంలోపు డాక్టరు సలహాతో మొదలుపెడితే ఎంతో మేలు. రూపాయి లోపు మాత్ర. కానీ అది ఎప్పుడు ఇవ్వాలన్నది ప్రతి పీహెచ్‌సీ గోడ మీద రాసి ఉండాలి, ఎందుకంటే ఆలస్యంగా మొదలుపెడితే ఫలితం తగ్గిపోతుంది. ప్రతి నెలా 9వ తేదీన జరిగే సురక్షిత మాతృత్వ శిబిరంలో స్పెషలిస్టు డాక్టరు ఎలాగూ కూర్చుంటారు. మూడో నెలవాళ్లను ఆ రోజు ముందు వరసలో కూర్చోబెట్టండి. ఇప్పుడు అక్కడ తొమ్మిదో నెలవాళ్లతోనే రోజు గడిచిపోతోంది.

మాయ గురించి ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి, బీపీతో సంబంధం లేకపోయినా. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. కోసిన చోట కుట్టు మచ్చ మీద తర్వాతి కాన్పులో మాయ అతుక్కుపోవచ్చు, ఊడిరాకపోవచ్చు. మాయ కిందికి ఉండి, ముందు ఒక సిజేరియన్ అయిన తల్లుల్లో నూటికి 11 మందికి, రెండు అయినవాళ్లలో 40 మందికి ఇలా అతుక్కుందని 2006లో వచ్చిన అమెరికా అధ్యయనం ఒకటి చెప్పింది. మన రాష్ట్రాల్లో ఇప్పుడు రెండో కాన్పుకు, మూడో కాన్పుకు వస్తున్నవాళ్లలో చాలామంది మచ్చ ఉన్నవాళ్లే. స్కానింగ్‌లో మాయ ఎక్కడుందో, పాత మచ్చ మీద ఉందో లేదో, కార్డు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయించండి. రక్తం దొరికే ఆసుపత్రిలోనే ఆ కాన్పు జరగాలి.

ఇప్పుడు కాన్పు తర్వాతి సంగతి. ఇది అందరికంటే ఎక్కువగా మీరే మార్చగలిగినది. మాయ బయటికి వచ్చేస్తే జబ్బు పోతుందని అంటారు. పోతుంది, కానీ ఆ రోజే పోదు. కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పైకి ఎక్కుతుంది. సాధారణ కాన్పు అయితే రెండు మూడు రోజుల్లో 102 బండిలోనో, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లోనో ఇంటికి పంపేస్తాం. అంటే బీపీ ఎక్కే వేళకు ఆమె ఇంట్లో ఉంటుంది, బాలింత గది తలుపు వేసి ఉంటుంది, తలనొప్పి అంటే నిద్ర లేక అంటారు, గాలి తగిలింది అంటారు.

ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు ఆ ఇంటికి వెళుతుంది. ఆమె సంచిలో బిడ్డను తూచే కాటా ఉంది, బిడ్డ జ్వరం చూసే థర్మామీటరు ఉంది. తల్లి బీపీ చూసే యంత్రం లేదు. బిడ్డను బట్టలో వేసి తూస్తుంది, అంకె రాసుకుంటుంది, పక్కన మంచం మీద పడుకున్న తల్లిని 'బాగున్నావా అమ్మా' అని అడుగుతుంది. ఆ సంచిలో ఒక బీపీ యంత్రం పెట్టండి. మూడో రోజూ ఏడో రోజూ మధ్యలో ఇంకొక్కసారి, గర్భంలో బీపీ వచ్చినవాళ్ల ఇంటికి మాత్రం, వెళ్లమనండి. దానికి ఆమెకు డబ్బు ఇవ్వండి.

మా అమ్మాయికి మూడేళ్లకు మళ్లీ నెల తప్పింది. ఈసారి అత్తవారింట్లో రెండో నెల దాటకముందే నాకు ఫోను చేసింది. వాళ్ల ఊరి ఏఎన్ఎంతో మాట్లాడాను. పన్నెండో వారంలో డాక్టరమ్మ ఆస్పిరిన్ రాసింది. ఇక్కడికి వచ్చాక నేను వారానికి ఒకసారి ఇంటికి వెళ్లి, వాళ్ల వరండాలో వీపు ఆనుకునే కుర్చీలో కూర్చోబెట్టి, రెండుసార్లు కొలిచి, వచ్చిన అంకెనే రాశాను. 118/72. 124/76. 122/78. ఆ అంకెలు రాస్తుంటే నాకు ఎంత ధైర్యంగా ఉండేదో చెప్పలేను. ముప్పై ఆరో వారంలో 138/88 అయింది, ఆ మరుసటి వారం 146/94. పంపించేశాం. ముప్పై ఏడు వారాలు నిండాక మగబిడ్డ, రెండు కిలోల ఆరు వందలు, కేక పెట్టి ఏడ్చాడు.

మూడో రోజు ఇంటికొచ్చారు. అయిదో రోజు సాయంత్రం నేను వెళితే ఇల్లంతా సంబరంగా ఉంది. ఆమె మాత్రం కళ్లు నలుపుకుంటోంది. "ఏమీ లేదు మేడమ్, నిద్ర చాలడం లేదు" అంది. పట్టీ కట్టాను. 164/108. పావుగంట ఆగి మళ్లీ చూశాను. 162/110. ఆ రాత్రే తిరిగి ఆసుపత్రికి తీసుకెళ్లాం, బీపీ మందు, మెగ్నీషియం పడ్డాయి, నాలుగు రోజులు ఉంచుకున్నారు. నేను ఆ సాయంత్రం వెళ్లడం నా డ్యూటీ చార్టులో లేదు. ఆమెది కాబట్టి వెళ్లాను. మిగిలినవాళ్ల ఇళ్లకు వెళ్లలేదు.

ఈ జబ్బు వచ్చిన తల్లులకు తర్వాతి జీవితంలో గుండె జబ్బు, పక్షవాతం వచ్చే ప్రమాదం మిగిలినవాళ్లకంటే సుమారు రెట్టింపు. మన బీపీ, షుగరు స్క్రీనింగ్ మాత్రం ముప్పై ఏళ్లు నిండినవాళ్లకే. ఇరవై అయిదేళ్ల ఈ అమ్మాయిని ఆ జాబితాలో ఇప్పుడే చేర్చమని అడుగుతున్నాను. ఏడాదికి ఒకసారి ఆమె బీపీ చూసే బాధ్యత ఎవరిదో రాసి పెట్టండి.

ఇవన్నీ ఒకేసారి కావని నాకు తెలుసు. ఒక పనితో మొదలుపెట్టండి. వచ్చే బుధవారమో శనివారమో, ముందు చెప్పకుండా, మీకు దూరంగా ఉన్న ఒక సబ్ సెంటర్‌కు వెళ్లండి. రిజిస్టరు అడగవద్దు. అక్కడున్న బీపీ యంత్రాన్ని మీ చేతికి కట్టించుకోండి. గాలి నిలుస్తుందో లేదో చూడండి. కూర్చోవడానికి కుర్చీ ఇచ్చారో, చాప చూపించారో చూడండి. ఆ తర్వాత అక్కడి ఏఎన్ఎంను పక్కకు పిలిచి, కొలవలేకపోయిన రోజున ఏమి రాస్తున్నావమ్మా అని మెల్లగా అడగండి. ఆమె నిజం చెబితే శిక్ష ఉండదని ముందే మాట ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం